కుక్కలా, క్లాసా అని ఓనరు అడిగితే

ప్రశ్న: అక్కా, నమస్తే. నాది అనంతపురం, వయసు 36. ఎనిమిదేళ్లుగా అద్దె ఇంటి మిద్దె మీద యోగా క్లాసులు చెప్తున్నాను. పొద్దున రెండు బ్యాచ్‌లు, సాయంత్రం ఒకటి, రాత్రి ఆన్‌లైన్‌లో ఇంకొకటి. మా వీధిలో మూడు కుక్కలు నా చేతి తిండి తినే పెరిగాయి. మెట్ల కిందే వాటి గిన్నెలు. అందులో ఒకదాని పేరు ఉగ్గాని, బొరుగుల ఉగ్గాని అమ్మే బండి దగ్గర దొరికింది కాబట్టి. అది పొద్దున్నే మిద్దె ఎక్కి, శవాసనం టైమ్‌కి అందరి మధ్యలో పడుకుంటుంది. నాకైతే అది పడుకున్నాకే క్లాసు పూర్తయినట్టు ఉంటుంది. కానీ పోయిన నెల ఒక పెద్దావిడ రావడం మానేసింది. వాళ్ల మనవడిని ఎప్పుడో కుక్క కరిచిందంట. ఇంకో ఇద్దరు గొణుగుతున్నారు. ఇంటి ఓనరు ‘కుక్కలా, క్లాసా, తేల్చుకో’ అంటున్నాడు. మావారేమో ‘నీకు కుక్కల పిచ్చి’ అని నవ్వుతాడు. ఇంకొక సంగతి. డిసెంబర్ చివర్లో గండికోటలో మూడు రోజుల రిట్రీట్ పెట్టాలని ఉంది. పదిహేను మంది వస్తారనుకుంటున్నా. ఒకరోజు బెలుం గుహల్లో ప్రాణాయామం. రీల్స్‌లో కుక్కలతో యోగా చేయిస్తున్నారు కదా, ఉగ్గానిని కూడా తీసుకెళ్తే ఎలా ఉంటుంది? చివరగా ఒకటి. ఈ మధ్య క్లాసులో నేను చెప్పేవన్నీ నాకే పాత టేపు వేసినట్టు వినిపిస్తున్నాయి. మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తుంది అక్కా?

జవాబు: చెల్లీ, ఓనరుకి ‘రెండూ’ అని చెప్పు. కాకపోతే రెండూ ఒకే గంటలో, ఒకే మిద్దె మీద వద్దు. నీ ఉత్తరంలో సగం చిక్కులు ఈ ఒక్క మార్పుతో పోతాయి.

ఉగ్గాని మంచిదే, కాదనను. కరవదని నీకు తెలుసు. మ్యాట్ మీద కళ్లు మూసుకుని పడుకున్న మనిషికి అది తెలియదు. శవాసనంలో మనిషి ఒళ్లంతా వదిలేస్తుంది. అరచేతులు పైకి, పొట్ట పైకి, కళ్లు మూత. ఆ పది నిమిషాలు నిన్ను నమ్మే పడుకుంటారు. చెవి పక్కన కుక్క ఊపిరి వినిపిస్తే, భయం ఉన్నవాళ్లు బయటికి కదలకుండా లోపల బిగుసుకుపోతారు. మనవడి కాలికి కట్టు చూసిన ఆ పెద్దావిడ అన్నాళ్లు ఎలా పడుకుందో ఆలోచించు. ఆమె మానేయడం నాకు వింతగా లేదు. నీకు చెప్పకుండా మానేసిందే, అదే ఆలోచించాల్సిన విషయం. టీచర్‌కి ఇష్టమైనదాన్ని వద్దనడానికి స్టూడెంట్స్‌కి నోరు రాదు. ఇద్దరు గొణుగుతున్నారంటే, గొణగనివాళ్లు ఇంకో ముగ్గురుంటారు.

భయం సంగతి పక్కన పెట్టినా ఇంకొకటి ఉంది. మన అనంతపురం ఎండలకి, దుమ్ముకి ఆడవాళ్ల మడమలు ఎలా ఉంటాయో చూస్తూనే ఉంటావు. పగుళ్లు పడి, ఒక్కోసారి రక్తం కూడా చూపిస్తుంటాయి. ఉగ్గాని ప్రేమగా వెళ్లి ఆ మడమని నాకిందనుకో. బాగున్న చర్మం మీద నాకితే భయం లేదు, కడుక్కుంటే సరి. తెగిన చర్మం మీద, కంట్లో, నోట్లో ఉమ్మి పడితే మాత్రం డాక్టర్లు దాన్ని కాటుతో సమానంగానే చూస్తారు. ర్యాబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ‘మా కుక్క అలాంటిది కాదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

మూడింటికీ ర్యాబిస్ టీకా వేయించావా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. వేయించి ఉంటే సంతోషం. లేకపోతే ఈ వారం మొదటి పని అదే, రిట్రీట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్లి టీకా వేయించు. మొదటిసారి వేయించాక బూస్టర్ ఎప్పుడో అడిగి, అక్కడి నుంచి ఏటా వేయించు. కార్డు రాయించుకుని, ఆ కార్డుల ఫొటోలు మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టు. భయం తగ్గించడానికి నీ మాట కంటే ఆ కార్డు బాగా పనిచేస్తుంది. ఆడకుక్క ఉంటే ఆపరేషన్ ఇంకా ముఖ్యం. రెండు నెలల్లో ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు కూడా ఈనొచ్చు. పిల్లలున్న తల్లి దగ్గరికి నీ స్టూడెంట్ చెప్పు టపటపలాడించుకుంటూ పోతే ఊరుకోదు. ఎంత సాధువైన కుక్కయినా అప్పుడు మీదికొస్తుంది. ఆపరేషన్ అయిన కుక్కకి చెవి కొసన చిన్న గాటు పెడతారు, వీధివాళ్లకి అది దూరం నుంచే కనిపించే గుర్తు. నగరపాలక సంస్థలో అడిగి, అర్జీ రాసిచ్చి, వాళ్ల బండి వచ్చినప్పుడు నువ్వు దగ్గరుండు. నువ్వు పిలిస్తే వచ్చే కుక్కని వల వేసి పట్టాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు ఆ గిన్నెలు. మెట్ల కింద తిండి పెట్టడం మానేయి. ఇది నా సొంత కవిత్వం కాదు. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లోనే ఉంది. మెట్లు, రాకపోకల దారులు, పిల్లలు ఆడుకునే చోట్లకి దూరంగా పెట్టాలి. పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే వేళ కాకుండా పెట్టాలి. పెట్టినవాళ్లే ఆ చోటు శుభ్రం చేయాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా వీధికుక్కలకి ఎక్కడ పడితే అక్కడ కాకుండా, అందుకు కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని చెప్పింది. మీ వార్డులో అలాంటి చోటు ఉందో లేదో కనుక్కో. లేకపోతే ఓనరుతో, పక్కింటివాళ్లతో కూర్చుని సందు చివర ఒక చోటు మీరే అనుకుని, నగరపాలక సంస్థకి రాసివ్వండి. ఆ చోటు ఎంచుకోవడంలో ఓనరుకే పెద్దరికం ఇవ్వు. సలహా అడిగితే కోపం సగం దిగుతుంది. మిద్దె ఆయనది అన్న సంగతి మనం మర్చిపోకూడదు.

ఉగ్గానికి మిద్దె అలవాటు మాన్పించడం కష్టం కాదు, నీకే కష్టం. మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించు. పొద్దున రెండో బ్యాచ్ వెళ్లాక, కొత్త చోట, రోజూ ఒకే టైమ్‌కి తిండి పెట్టు. పాత గోనెసంచి కూడా అక్కడే వెయ్యి. మొదట్లో గేటు దగ్గర కూర్చుని మూలుగుతుంది. నువ్వు క్లాసు మధ్యలో దిగొచ్చి తల నిమిరావంటే మూలిగితే అక్క వస్తుందని నేర్చుకుంటుంది, ఇక ఆ గేటుకి అర్థం ఉండదు. ఓర్చుకో. స్టూడెంట్స్‌లో ఎవరైనా బిస్కెట్ వేస్తుంటే వాళ్లనీ ఆపు. క్లాసయ్యాక ఇష్టమున్నవాళ్లు కిందికి దిగి దాంతో ఆడుకోనీ, ఎవరూ వద్దనరు.

అన్నట్టు, పేరు ఉగ్గాని అయినా దానికి ఉగ్గాని పెట్టొద్దు. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లిపాయ పచ్చిదైనా, వేయించినదైనా కుక్క ఒంట్లో ఎర్రరక్తకణాలని దెబ్బతీస్తుంది. ద్రాక్ష, చాక్లెట్ కూడా కుక్కలకి విషమే. రాగి సంకటి, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు చాలు. ఎండాకాలం వెడల్పాటి సిమెంటు తొట్టిలో నీళ్లు నీడన పెట్టు. మనలాగా వాటికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చే చల్లబడాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడైనా గోరు గీరుకున్నా, పన్ను తగిలినా ఏం చేయాలో మెట్ల దగ్గర గోడ మీద రాసి పెట్టు. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం ఏదీ రాయకూడదు. మన పల్లెల్లో ఇప్పటికీ కారం అద్దుతారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. కుక్కకి టీకా వేయించామని ఆగకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. డాక్టర్ చెప్పిన తేదీల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి, రెండు వేసుకుని నొప్పి తగ్గిందని మానేసేవాళ్లని చాలామందిని చూశాను.

ఇక రిట్రీట్. ఉగ్గానిని తీసుకెళ్లొద్దు, ఆ ఆలోచన ఇక్కడే వదిలెయ్. వీధికుక్కకి దాని వీధే రాజ్యం. గండికోటలో దిగగానే అక్కడి కుక్కలు గుంపుగా మీదికొస్తాయి. బెదిరి పరుగెత్తితే ఆ లోయ అంచుల్లో ఎక్కడని వెతుకుతావు? మూడు రోజులు దాన్ని చూసుకుంటావా, పదిహేను మందిని చూసుకుంటావా? ఊళ్లో ఉన్న మూడింటికీ ఆ మూడు రోజులు ఎవరు పెడతారో అది ఆలోచించు. పాలుపోసే అబ్బాయికో, పక్కింటి పిల్లలకో ముందే ఒకటి రెండు రోజులు అలవాటు చేయించు.

రీల్స్‌లో నువ్వు చూసేవి ఎక్కువగా కుక్కపిల్లల క్లాసులు. ముద్దుగానే ఉంటాయి. రోజులో ఎక్కువసేపు నిద్రపోవాల్సిన పిల్లలని తెచ్చి, గంటల తరబడి చేతులు మారుస్తూ ఫొటోలు తీస్తారు. ఇటలీ ఆరోగ్యశాఖ 2024లో ఇలాంటి క్లాసుల్లో కుక్కపిల్లలని వాడొద్దని చెప్పేసింది. కుక్కల మీద ప్రేమ ఉన్న నువ్వు ఆ దారి పట్టకూడదు.

గండికోట చాలా అందమైన చోటు, అందులో సందేహం లేదు. తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి ఇంకో 15 కిలోమీటర్లు. పెన్నా ఎర్రమల కొండలని కోసుకుంటూ పారే ఆ లోయ మీద తెల్లవారడం చూస్తే ఎవరికైనా ఊపిరి దానంతట అదే నెమ్మదిస్తుంది. కానీ డిసెంబర్ చివరి వారం మాత్రం వద్దు. కొత్త సంవత్సరం జనం, టెంట్లు, స్పీకర్లు. ధ్యానానికి కళ్లు మూసుకుంటే పక్క టెంటులో డీజే మోగుతుంటుంది. పైగా అది ధనుర్మాసం. మన ఆడవాళ్లు తెల్లవారుజామునే ముగ్గులు, గుడి అని తిరిగే రోజులు, మూడు రోజులు ఇల్లు వదిలి రమ్మంటే సగం మంది రారు. సంక్రాంతి దాటాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, శని ఆదివారాలు కాకుండా మధ్య వారంలో పెట్టుకో. ఫిబ్రవరి దాటితే ఆ రాళ్లు పొద్దున తొమ్మిదికే సెగ కొడతాయి. అంచున నిలబెట్టి వృక్షాసనం ఫొటోలు తీయించకు. అక్కడ రెయిలింగ్ లేని చోట్లు చాలా ఉన్నాయి. ఒంటికాలి మీద తూలడం పెద్ద వింత కాదు.

బెలుం గుహల్లో ప్రాణాయామం వద్దే వద్దు. మూడు కిలోమీటర్లకి పైగా పొడవున్న గుహ అది, జనం చూడడానికి తెరిచింది దాదాపు కిలోమీటరున్నర. లోపల మామూలుగా నడిచినా ఉక్కపోతతో చొక్కా తడిసిపోతుంది, గాలి కోసం గొట్టాలు పెట్టి లోపలికి కొడుతుంటారు. అక్కడ వేగంగా ఊపిరి వదిలే కపాలభాతి చేయిస్తే బీపీ ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడొచ్చు. గుహని గుహలాగే చూసిరండి.

అయితే నన్నడిగితే, మొదటి రిట్రీట్ గండికోట కూడా కాదు. మూడు రోజులు, పదిహేను మంది అంటే భోజనాలు, బాత్రూములు, బస్సు, ఒకరికి జ్వరం, ఇద్దరికి గదులు కుదరలేదన్న అలక. ఇవన్నీ చూసుకునే హోటల్ మేనేజరు పని నీకు పడుతుంది, యోగా మిగలదు. మీ స్టూడెంట్స్‌లో ఎవరికైనా చీనీ (బత్తాయి) తోట ఉండే ఉంటుంది, అనంతపురంలో లేకుండా ఎలా ఉంటుంది? ఒక ఆదివారం ఆ తోటకి తీసుకెళ్లు. చీనీ చెట్ల కింద మ్యాట్లు పరవొద్దు, కొమ్మలు కిందికుంటాయి, ముళ్లు గుచ్చుకుంటాయి. కల్లం చేసిన చదునైన చోటో, షెడ్డు ముందు నీడో చూసుకో. మోటారు కరెంటు ఏ టైమ్‌కి ఇస్తారో ముందే అడుగు. ఆడవాళ్లకి బాత్రూమ్ ఉందో లేదో నువ్వే వెళ్లి కళ్లారా చూడు. ‘ఉందమ్మా’ అంటే నమ్మకు. పొద్దున ఆసనాలు, ఆ తర్వాత రాగి సంకటి, శెనక్కాయల చట్నీ, పప్పు. తిన్నాక ఆసనాలు పెట్టకు, చెట్టు కింద రెండు గంటలు మౌనంగా ఉండమను. మన ఆడవాళ్లలో చాలామందికి ఎవరికీ జవాబు చెప్పకుండా రెండు గంటలు ఉండడం పెళ్లయ్యాక అదే మొదటిసారి అవుతుంది. సాయంత్రం నాలుగుకి నెమ్మదిగా ప్రాణాయామం, ఆరుకి ఇంటికి.

డబ్బు ముందే తీసుకో. ఖర్చు మీద నీ రోజు కూలి కూడా వేసుకో, మొహమాటపడకు. గుండెజబ్బు, బీపీ, గర్భం, ఈ మధ్య చేయించుకున్న ఆపరేషన్లు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకో. ఒకటి బాగా జరిగాక గండికోట గురించి ఆలోచిద్దాం, లోయ ఎక్కడికీ పోదు.

ఇన్‌స్పిరేషన్ అడిగావు. నాలుగు బ్యాచ్‌లు అని రాశావు, నీ సాధన ఎప్పుడో రాయలేదు. లేదు కాబట్టే రాయలేదనుకుంటున్నా. పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది వరకు ‘శ్వాస తీసుకోండి, వదలండి’ అని చెప్పే మనిషి తనకోసం ఒక్క శ్వాసా తీసుకోకపోతే ఆ మాటలు పాతబడక ఏమవుతాయి? దీనికి కొండెక్కి వెతకాల్సిన ఇన్‌స్పిరేషన్ ఏమీ అక్కర్లేదు. ఆ రాత్రి ఆన్‌లైన్ బ్యాచ్ తీసెయ్. డబ్బు తగ్గుతుంది, తెలుసు. పొద్దున బ్యాచ్ ఫీజు కొంచెం పెంచు. ఎనిమిదేళ్ల టీచర్‌వి, పెంచొచ్చు. ఆ గంటలో నిద్రపో. తెల్లవారుజామున బ్యాచ్ కంటే ముందు ముప్పావుగంట నీది. అందులో రేపు ఏం చెప్పాలని ఆలోచించడానికి వీల్లేదు.

సెలవు కూడా పెట్టుకో. మైసూరులో పట్టాభి జోయిస్ నేర్పిన అష్టాంగ పద్ధతిలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సాధన ఉండదు, అంత కఠినమైన పద్ధతిలోనే. మన ఊళ్లలో అమావాస్యకి ఎటూ పనులు పెట్టుకోరు, సెలవంటే ఎవరూ ఎందుకని అడగరు.

మనిషి పేరు కావాలంటే నాకు బి.కె.ఎస్. అయ్యంగార్ గుర్తొస్తాడు. మనకి పొరుగునే కోలారు జిల్లా బెల్లూరులో 1918లో, ఊళ్లలో ఇన్‌ఫ్లుయెంజా తిరుగుతున్న రోజుల్లో పుట్టాడు. చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయ. ఆ ఒంటితో తన బావగారు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకుని, 1937లో, ఇరవై ఏళ్లయినా నిండకముందే, భాష సరిగా రాని పుణెకి పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. వంగని ఒళ్లు ఎలా ఉంటుందో తనకి తెలుసు కాబట్టే తాడు, దుప్పటి, చెక్కదిమ్మ, కుర్చీ పెట్టి ముసలివాళ్లతోనూ ఆసనాలు వేయించాడు. 95 ఏళ్లు బతికాడు. నేను కర్నూల్లో క్లాసులు చెప్పేటప్పుడు, మోకాళ్లు వంగనివాళ్లు వచ్చిన రోజే నాకు కొత్త పాఠం తట్టేది. బాగా వంగేవాళ్లతో పాఠం పాతబడుతుంది. నీకు ఆ పెద్దావిడే ఒక పాఠం. కుర్చీ మీద కూర్చోబెట్టి ఆమెకి ఏం చేయించొచ్చు అని ఒక సాయంత్రం కూర్చుని రాయి, నీ టేపు సంగతి అప్పుడు చూద్దాం.

మీవారు నవ్వితే నవ్వనీ. నవ్వుతూనే టీకాకి ఆటో మాట్లాడే మనిషైతే చాలు. మూడు కుక్కలని ఆటో ఎక్కించడం ఒక్కదానివల్ల కాదు, పాత చీర ముక్కలు మెడకి వదులుగా కట్టి ఒక్కోదాన్నే తీసుకెళ్లండి.

గేటు పెట్టించి, టీకాలు వేయించాక ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లు. ఫోన్ చేయొద్దు. ఫోన్లో ‘పర్లేదమ్మా, మోకాళ్ల నొప్పులు’ అంటుంది. వెళ్లి, కుక్కలు ఇక మిద్దె ఎక్కవని చెప్పి, మనవడు ఎలా ఉన్నాడని అడిగి, ఆమె చెప్పేది మొత్తం విను. మెట్ల దాకా ఎవరైనా తోడు రావాలంటే మొదటి వారం నువ్వే కిందికి దిగి తీసుకెళ్లు.